నాలుగు ఈగల అధ్యాయం

పదింటికి వైవాకు పిలుస్తామన్నారు. గోడ గడియారంలో తొమ్మిదీ అయిదు. ఈ బెంచీ మీద నేనొక్కదాన్నే, ఒళ్లో నల్ల అట్ట థీసిస్, నూట పన్నెండు పేజీలు, అట్ట మీద బంగారు అక్షరాల్లో పద్మశ్రీ, బీఎస్సీ ఆనర్స్, జీవపరిణామ శాస్త్రం, నాలుగో సంవత్సరం. పది నిమిషాల కింద దాకా దీన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఇప్పుడు పక్కన పెట్టేద్దామా అనిపిస్తోంది, పెడితే ఎవరైనా తెరిచి నాలుగో అధ్యాయం చదువుతారేమోనని మళ్లీ ఒళ్లోకే లాక్కుంటున్నాను. అయ్యో కాకా, ఎంత పని చేశావు. ఆ మాట చెప్పడానికి నీకు ఈ రోజే దొరికిందా, ఈ గంటే దొరికిందా, రేపు చెబితే ఏం పోయేది, అసలు చెప్పకపోతే ఏం పోయేది?

బుచ్చిరాములు కాక మా ల్యాబు అటెండరు. ఈగలకు అన్నం వండిపెట్టేది ఆయనే. ఇందాక కప్పులు కడుక్కుని ట్రేలో బోర్లించుకుని వస్తూ నా దగ్గర ఆగాడు, ఎక్స్‌టర్నల్ మేడం వస్తున్నారంటే ఈ రోజు పింగాణీ కప్పులు. నా మొహం చూసి, "భయమైతుందా బిడ్డ? నీకేం ఫికర్ లేదు. మూడో లైనున్నంక నీకేంది! గప్పుడు దసర సెలవులల్ల నేను ఈగలు కలపకుంటె గది ఎన్నడో ఖతమయ్యేది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఏ ఈగలు కాకా అన్నాను. "గవే, నాలుగే మిగిలినయని నువ్వు ఏడుసుకుంట ఊరికి పోతివి గదా. వచ్చినంక సీస ఖాళీగుంటె మల్ల ఏడుస్తవని పక్క స్టాకుల నుంచి కొన్ని తెచ్చి ఏసిన. మస్తు మంచిగైనయ్ గదా మల్ల!" కాక నా మొహం చూశాడు. ఆయన నవ్వు మెల్లగా తగ్గింది. "ఏమైంది బిడ్డ, తప్పు జేసిన్నా?" ఏం లేదు కాకా అన్నాను, నేనే అన్నాను, పళ్లన్నీ బయటపెట్టి మరీ అన్నాను. కప్పులు గలగలమనకుండా పట్టుకుని ఆయన వంటగదివైపు వెళ్లిపోయాడు.

తెలియనివాళ్లకు చెప్పాలంటే ఇది ఈగంత సంగతి. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిట్టి ఈగలుంటాయే, వాటితోనే నా చదువంతా. మూడు సీసాల్లో మూడు వంశాలు, మేం లైన్లంటాం. పుట్టిన ప్రతి తరాన్నీ తిండి పెట్టకుండా మాడ్చాలి, తడి మాత్రం ఉంటుంది, నూటికి డెబ్బై అయిదు పడిపోయేదాకా చూసి, నిలబడ్డవాటికి తిండి పెట్టి గుడ్లు పెట్టించాలి, ఆ పిల్లల్ని మళ్లీ మాడ్చాలి. తరానికి మూడు వారాల చొప్పున ఇరవై రెండు తరాలు. ఆకలికి ఆగలేని జాతిలోంచి ఆగగలిగే జాతి ఎట్లా వస్తుందో కళ్లారా చూడడం అన్నమాట. ప్రకృతి లక్షల ఏళ్లలో చేసే పని మేం ఉప్పల్‌లో ఏడాదింబావులో చేసి చూపిస్తాం అని మా సీనియర్లు గొప్పలు పోయేవాళ్లు. మా అమ్మ మాత్రం, "ఇంట్ల ఈగల మోత బయట పల్లకీల మోత అంటరు. నీకు బయట గూడ ఈగల మోతేనాయె" అని నవ్వేది. నవ్వనీ. అందరి ఇళ్లలో ఆడపిల్ల చదువు గురించి గొణుగుతారు, మా ఇంట్లో నవ్వారు, అది చాలు నాకు.

పోయిన దసరా ముందు మూడో లైను పదకొండో తరంలో ఉంది. ఎందుకో ఆ తరం దబదబా రాలిపోయింది. పొద్దున చూసేసరికి నాలుగే నాలుగు ఈగలు కాళ్లు కదుపుతున్నాయి. తిండి ఉన్న సీసాలోకి మార్చి, కాక భుజం పట్టుకుని ఏడ్చేశాను. మర్నాడు సద్దుల బతుకమ్మ, అమ్మ ఫోన్ల మీద ఫోన్లు, జనగామ బస్సు ఎక్కక తప్పింది కాదు. గుడ్లు పెట్టాక అయిదో రోజు పెద్ద ఈగల్ని తీసెయ్యాలి, లేకపోతే పిల్లల్లో కలిసిపోతాయి, ఆ పని కాకకు అప్పజెప్పాను. పన్నెండో రోజు తిరిగి వచ్చి చూస్తే సీసా నిండా కొత్త ఈగలు, తొంభై నాలుగు, గాజుకు అతుక్కుని మిలమిల్లాడుతున్నాయి. నేను ఎగిరి గంతేశాను. నోటుపుస్తకంలో 94 అని రాసి చుట్టూ సున్నా చుట్టి, పక్కన నవ్వే బొమ్మ వేశాను. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది, నన్ను చూసే నవ్వుతోంది కాబోలు. కొత్త తరం ఆకలికి ఆగే గంటలు ఒక్కసారిగా తగ్గిపోయాయి, అరవై ఒకటి నుంచి నలభై నాలుగుకు. తగ్గాక మళ్లీ మిగతా రెండు లైన్లకంటే జోరుగా ఎక్కాయి. ఎందుకు తగ్గాయి, ఎందుకు ఎక్కాయి? కూర్చుని సిద్ధాంతం అల్లాను. చావు అంచుదాకా వెళ్లి వచ్చిన వంశం మొదట అలిసిపోతుంది, తర్వాత మొండికేస్తుంది అని ముప్పై పేజీలు. గ్రాఫులు, పట్టికలు, అరవై రిఫరెన్సులు. నలభై నాలుగు గంటలంటే ఎన్నడూ ఆకలెరగని మామూలు ఈగ ఆగే లెక్క అని, కళ్లముందున్న సంగతి, నాకు తోచలేదు, తోచనివ్వలేదు. అబద్ధానికి ఇంత చక్కగా కుట్లు వేయగలనని అప్పటిదాకా నాకే తెలియదు. హైమావతి మేడం, మా గైడ్, ఎవర్నీ మెచ్చుకోని మనిషి, ఆ అధ్యాయం చదివి, దీనితో నీకు డిస్టింక్షన్ ఖాయం పద్మశ్రీ అన్నారు. ఆ ధైర్యంతోనే పై చదువుకు అప్లై చేశాను. డిస్టింక్షన్ ఉంటేనే సీటు అని ఉత్తరంలో స్పష్టంగా రాసి మరీ ఇచ్చారు.

తొమ్మిదీ ఇరవై. కిటికీలోంచి వరంగల్ రోడ్డు, దాని మధ్యలో ఫ్లైవోవర్ స్తంభాలు, నేను ఫస్టియర్‌లో చేరినప్పుడూ ఇట్లాగే నిలబడి ఉన్నాయి. చేరినరోజు బాపు నా పక్కనే ఉన్నాడు, నాచారంలో బండి మీద ఎక్కించుకుని, ఉప్పల్ రింగురోడ్డు దాటి, పీర్జాదిగూడ బోర్డు చూసి ముందుకొచ్చామని వెనక్కి తిప్పి. కాలేజీలో ఫారం మీద కోర్సు పేరు మూడుసార్లు చదివి, "గిది జదివితె ఏమైతరు బిడ్డ?" అని అడిగాడు. నాకూ సరిగ్గా తెలియదు బాపూ అన్నాను. ఇంకో తండ్రైతే అక్కడే చేయి పట్టుకుని కంప్యూటర్ కోర్సు కౌంటరు దగ్గరికి లాక్కుపోయేవాడు, క్యూలో అందరూ చేస్తున్న పని అదే. మా బాపు కాసేపు తల గోక్కుని, "సరె, తెలుసుకోనింకనే గదా జదువుడు" అని సంతకం పెట్టాడు. ఉపేందర్ అని, పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి బయటికి పోయాయి. బాపూ, ఆ మాట అన్నందుకు నీకు ఏ జన్మలో మొక్కాలో.

ఆయన పని ప్లాస్టిక్ మూతల ఫ్యాక్టరీలో, నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేటు, పదహారేళ్లుగా ఒకటే మెషీను. నేను డిగ్రీలో నేర్చుకున్నది రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు అప్పజెప్పేదాన్ని. ప్రకృతి వరణం అంటే ఏందంటే బాపూ అని మొదలుపెడితే సగంలోనే, "ఓస్, మా తాన గూడ గంతేనాయె, పనికిరాని మూత రిజెక్టు డబ్బాల పడ్తది" అనేవాడు. అట్ల కాదు బాపూ, ఇక్కడ ఏరేవాడు ఎవడూ ఉండడు, సూపర్‌వైజర్ లేడు, డిజైన్ గీసినవాడు లేడు అంటే, ముద్ద చేతిలోనే పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "సూపరైజర్ లేకుంట గింత మంచిగ తయారైందా?" అని, తన చేతివేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నాడు. మెషీన్లో పడి చిటికెనవేలు కొస తెగిపోయిన చేయి అది. మా క్లాసులో ఆ ప్రశ్న అంత బాగా ఎవరూ అడగలేదు. నా మీద ఈగ వాలనివ్వని మనిషి, నేను బ్యాగులో ఈగల సీసాలు పెట్టుకుని ఇంటికొస్తే ఫ్రిజ్ మీద చోటు చేసి ఇచ్చాడు, అమ్మ శుక్రవారం సాంబ్రాణి వేస్తుంటే, "ఏయ్, ఆగు ఆగు, పిల్ల ఈగలున్నయ్" అని వాటిని రెండు చేతుల్లో పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. ఆ ఈగల మీద ఎందరి చేతులు పడ్డాయి. నేనేమో అట్ట మీద నా ఒక్కదాని పేరు వేసుకున్నాను.

కాక చేయి అన్నిటికంటే ముందు పడింది. మగ ఈగేదో ఆడ ఈగేదో నాకు నేర్పింది పుస్తకం కాదు, ఆయనే. సెకండియర్‌లో మైక్రోస్కోపు కింద పెట్టుకుని గంటసేపు వెతుకుతుంటే వెనకనుంచి వచ్చి, "తోకకాడ నల్లగుంటె మొగది. గంతే. గంత మిషిని ఎందుకు?" అని ఉత్త కళ్లతో ఏరి చూపించాడు. ఆడ ఈగలు పుట్టిన ఎనిమిది గంటల్లోపే వాటిని మగవాటి నుంచి వేరు చెయ్యాలి, లేకపోతే ఎవరికి ఎవరు తండ్రో లెక్క తప్పుతుంది. అందుకని తెల్లారకముందే ల్యాబులో ఉండాలి. నాచారంలో మొదటి బస్సు ఎక్కి ఉప్పల్‌లో దిగి ఇంకోటి పట్టుకుని నేను వచ్చేసరికి గేటు తాళం తీసి ఉండేది, లైటు వేసి ఉండేది, పెద్ద గిన్నెలో మొక్కజొన్న పిండి, బెల్లం ఉడుకుతూ ఉండేది. ఆయన డ్యూటీ తొమ్మిదికి. అయిదున్నరకు రమ్మని ఎవరూ చెప్పలేదు, అందుకు ఒక్క పైసా ఎవరూ ఇవ్వలేదు. అడిగితే, "ఆడపిల్లవు, ఒక్కదానివి షీకట్ల గేటుకాడ నిలబడ్తవా?" అన్నాడు, అంతే. ఆ బెల్లం వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. ఒకసారి అడిగాను, కాకా, ఈగల తిండి మనుషులు తినొచ్చా అని. "బూజు మందు కలపకముందు తినొచ్చు, నేను ఇరువయ్యారేండ్ల సంది రుచి సూస్తనే ఉన్న" అన్నాడు. ఉప్పు తక్కువైందా అని అడిగే ఆడదానిలాగా. ఎంత నవ్వానో ఆ రోజు.

తొమ్మిదిన్నర దాటింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. నేత చీర, భుజానికి గుడ్డ సంచి, చేతిలో స్టీలు సీసా, త్రిపురసుందరి మేడం, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. రిటైరై పదేళ్లయిందట, తార్నాకలోనో హబ్సిగూడలోనో పెద్ద ల్యాబులో పనిచేశారట, థీసిస్ పక్కన పెట్టి నోటుపుస్తకం అడుగుతారట. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ నా మొహం చూసి, "నువ్వేనా పద్మశ్రీ? నీళ్లు తాగి రామ్మా, పెదాలు ఎండిపోయాయి" అని లోపలికి వెళ్లిపోయారు. కోపంగా ఉండే మనిషైతే బాగుండేది, ఇట్లా మాట్లాడితే అబద్ధం ఎట్లా చెప్పేది?

అవును, అబద్ధం గురించే ఆలోచిస్తున్నాను, దాపరికం ఎందుకు. ఎవరికి తెలుస్తుంది? కాకకు, నాకు. కాకకు తాను చేసింది ఏమిటో కూడా తెలియదు. పది నుంచి పదకొండు దాకా నోరు జాగ్రత్తగా పెట్టుకుంటే డిస్టింక్షన్, సీటు, అన్నీ. చెబితే ఏమవుతుంది? నా సంగతి సరే, పోతే పోయింది అనుకుందాం, అనుకోవడం కష్టమే గాని అనుకుందాం. కాక సంగతో? ఆయన పర్మనెంటు కాదు, ఏజెన్సీ మనిషి, ఏటా జూన్‌లో కాగితం మీద సంతకం పడితేనే పని. ఆ సంతకం హైమావతి మేడంది. రెండేళ్ల కింద ఒక హెల్పరమ్మ సీసాల లేబుళ్లు తారుమారు చేసిందని మేడం మధ్యాహ్నం అన్నంవేళకల్లా ఆమెను పంపించేశారు. లేబుళ్లు మార్చినందుకే అట్లా అయితే, ఈగల్నే కలిపినందుకు? ఇంకో రెండేళ్లు చేస్తే ఆయనకు అరవై. ఇంట్లో ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు, నెలనెలా దవాఖానా. నేను ఏడవకూడదని చేసిన పనికి ఆయన ఇంట్లో కూర్చుని ఏడవాలా? అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, ఇక్కడ తొక్కిందొకరు, కడగాల్సింది ఇంకొకరు, బురద ఇద్దరికీ.

నాలుగు, నాలుగు, నాలుగు. ఇంట్లో ఈ నాలుగు ఈగల కథ చెప్పినప్పుడు బాపు తొడ కొట్టాడు. "మనమే గదా గవి!" అన్నాడు. మేం నలుగురమే వచ్చాం జనగామ పక్క నుంచి, బాపు, అమ్మ, నానమ్మ లక్ష్మీనర్సమ్మ, అయిదేళ్ల నేను. వచ్చిన ఏడాదే బాపు ఫ్యాక్టరీ రెండు నెలలు మూతపడింది. ఆ రెండు నెలల కథ బాపు ఎవరింటికొచ్చినా చెబుతాడు, అంబలి తాగినం, బియ్యం నూక తిన్నం, ఒక్కల తాన చెయ్యి సాపలే, మా అంతట మేమే నిలబడ్డం అని. నిజమే, చెయ్యి చాపలేదు. కానీ నేను అంబలి తాగినట్టు నాకు గుర్తు లేదు. గుర్తుంది గుడ్డు. పక్క గదిలో సాలమ్మ అని ఉండేది, ఫ్యాక్టరీలో ఊడ్చే మనిషి, మొగుడు లేడు, పిల్లల్లేరు. సాయంత్రం కాగానే, "పిల్లను మా ఇంట్ల ఆడుకోనియ్యి" అని చేయి పట్టుకుని తీసుకుపోయేది. తలుపు దగ్గరగా వేసి, వేడన్నంలో కోడిగుడ్డు పులుసు కలిపి పెట్టేది, గుడ్డు మొత్తం నాకే. తాను ఏం తినేదో నేను చూడలేదు. మూతి తుడిచి పంపించేటప్పుడు, "ఇంట్ల జెప్పకు బిడ్డ, మీ నాయినకు నామోషి" అనేది. చెప్పలేదు. రెండు నెలలు ఆ గుడ్డు తిన్నాను, పదహారేళ్లు నోరు మూసుకున్నాను. ఆమె ఘట్‌కేసర్ వైపు వెళ్లిపోయిందని విన్నాం, ఎక్కడ ఉందో, ఉందో లేదో. బాపు చెప్పే కథలో ఆమె లేదు. నలుగురం మా అంతట మేమే నిలబడ్డం.

ఎవరూ వాళ్లంతట వాళ్లే నిలబడలేదు. నా శరీరంలో ఇంత ఎముక సాలమ్మ గుడ్డుతో తయారైంది, అది ఏ లెక్కలోనూ లేదు. నా నాలుగు ఈగలు కూడా వాటంతట అవి నిలబడలేదు, ఎవరో నేను లేనప్పుడు పక్క సీసాలోంచి కొత్త నెత్తురు తెచ్చి పోశారు. మా పాఠంలో దీనికి పేరు కూడా ఉంది, వలస అంటారు, బయటి నుంచి వచ్చినవి కలిసి చచ్చిపోయే వంశాన్ని బతికించడం. సెకండియర్ పరీక్షలో పది మార్కుల ప్రశ్న, నేను తొమ్మిదిన్నర తెచ్చుకున్నాను. తొమ్మిదిన్నర తెచ్చుకున్నదానికి కళ్లముందు జరిగితే తెలియలేదు, ఎందుకు తెలుస్తుంది, నలుగురే బతికారు అనే కథ అంత తియ్యగా ఉంటుంది మరి. ముప్పై పేజీలు రాశాను, ఒక్క పేజీలో కాక లేడు. ఇప్పుడు ఆయన్ని కాపాడుతున్నాను అనుకుంటూ నోరు మూసుకుంటే ఆయన చేసిన మేలు తిని మూతి తుడుచుకున్నట్టే, అప్పుడు అయిదేళ్లదాన్ని, ఇప్పుడు ఇరవై ఒకటి. ఛీ. కాదు, ఈగలు బయటివి అని చెబుతాను. ఎవరు కలిపారో చెప్పను. నా లైను, నా సీసా, నా బాధ్యత, నేను లేనప్పుడు కలిశాయి, అంతే. పేరు అడిగితే? అడిగితే చెప్పను. మళ్లీ అడిగితే? బాపు దగ్గర నేర్చుకున్న మొండితనం ఎప్పుడు పనికొస్తుంది ఇంకా. కాకా, నీకు నేను ఏమీ ఇవ్వలేను, నీ ఇరవయ్యారేళ్లలో నీకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, కనీసం నీ చేతి పనిని నా తెలివి అని అమ్ముకోను.

"పద్మశ్రీ" అని పిలిచారు లోపలి నుంచి. గడియారం చూడలేదు.

గదిలో పొడుగు బల్ల, అవతల ఇద్దరు మేడంలు, ఇవతల నాకొక కుర్చీ. త్రిపురసుందరి మేడం నా థీసిస్ కాపీలో పసుపు కాగితం పెట్టుకున్న చోట తెరిచారు. నాలుగో అధ్యాయం. "ఇక్కణ్ణుంచే మొదలుపెడదామమ్మా. చాలా బాగా రాశావు. ఈ నాలుగు ఈగలు నాకు భలే నచ్చాయి" అన్నారు. పక్కన హైమావతి మేడం మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నోరు ఎండిపోయింది, నీళ్లు తాగి రమ్మన్నారు కదా, తాగలేదు.

"మేడం, ఆ అధ్యాయం తప్పు మేడం. నాలుగు కావు. బయటి స్టాకు నుంచి ఈగలు కలిశాయి. నాకు ఈ రోజు పొద్దునే తెలిసింది."

హైమావతి మేడం, "ఏం మాట్లాడుతున్నావ్ పద్మశ్రీ?" అన్నారు. త్రిపురసుందరి మేడం పెన్ను తీసి, నాలుగో అధ్యాయం మొదటి పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా ఒక గీత గీశారు. "అయితే దీనికి మార్కుల్లేవమ్మా" అన్నారు. తిట్టినట్టు కాదు, నిమ్మళంగా. తెలుసు మేడం అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎంత ధైర్యం చెప్పుకుని వచ్చినా ఆ గీత నా మీద గీసినట్టే ఉంది. "ఎవరు కలిపారు?" అన్నారు హైమావతి మేడం. నా లైన్ మేడం, బాధ్యత నాదే అన్నాను. "నేనడిగింది అది కాదు. ఎవరు కలిపారు?" నేను బల్ల అంచు చూస్తూ కూర్చున్నాను.

"నేనే మేడం."

తలుపు దగ్గర బుచ్చిరాములు కాక, చేతుల్లో ట్రే, ట్రేలో మూడు కప్పులు. ఎప్పుడొచ్చాడో. "గా పిల్లకు తెల్వది మేడం. పొద్దుగాల నేను జెప్తెనే తెలిసింది. నాలుగే ఉన్నయని కలిపిన. గది తప్పని నాకు తెల్వలే" అన్నాడు. కప్పులు గలగలమంటున్నాయి. కాకా నువ్వెందుకు వచ్చావు, వెళ్లిపో అని అరవాలనిపించింది. హైమావతి మేడం మొహం కందిపోయింది, నోరు తెరిచారు.

"ఆ ట్రే బల్ల మీద పెట్టి కూర్చోండి" అన్నారు త్రిపురసుందరి మేడం.

ఎవరితో అన్నారో ముందు మా ముగ్గురికీ అర్థం కాలేదు. కాక ట్రే పెట్టాడు, నిలబడే ఉన్నాడు. ఇరవయ్యారేళ్లుగా ఆ గదిలో కుర్చీలు సర్దాడు, తుడిచాడు, ఏనాడూ కూర్చున్నవాడు కాడు. హైమావతి మేడం వైపు చూశాడు. ఆవిడ తెరిచిన నోరు మూసుకున్నారు. చేయి చాపి పక్క కుర్చీ ఇంత వెనక్కి జరిపి, "కూర్చో బుచ్చిరాములూ" అన్నారు. కాక కుర్చీ అంచు మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఏ రోజు కలిపారు?"

"సద్దుల బతుకమ్మ తెల్లారి మేడం. పొద్దుగాల ఏడింటికి."

"ఏ స్టాకు?"

"కిటికి పక్క అరల ఉన్నయి. ఆకలికి పెట్టనియి."

"ఎన్ని?"

"ఇరువై."

త్రిపురసుందరి మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ముందుకు వంగారు. "మగవెన్ని, ఆడవెన్ని?"

కాక తడుముకోలేదు. "ఆడయి పన్నెండు, మొగయి ఎనిమిది మేడం. ఆడయన్ని మొగదాని మొకం సూడనియే, గప్పుడే పుట్టినయి ఏరిన. పిల్లలు గట్లనే ఏరుతరు గదా."

త్రిపురసుందరి మేడం నా వైపు తిరిగి, "అట్లా చూస్తావేంటమ్మా? రాసుకో. కొత్త అధ్యాయానికి ఇవన్నీ కావాలి" అన్నారు.

నా దగ్గర పెన్ను లేదు. కాక తన చొక్కా జేబులోది తీసి నా చేతిలో పెట్టాడు.